పెడల్ మీద ఉప్పు కాగితం

మా ఇంటాయన వాయించేది గిటారే గానీ, సినిమాల్లో చూపించినట్టు భుజానికి వేలాడేసుకునేది కాదు. నాలుగు కాళ్ల స్టాండు మీద దాన్ని బల్లలాగా పడుకోబెడతాడు. ఎడమచేతిలో బొటనవేలంత లావు స్టీలు కడ్డీ పట్టుకుని తీగల మీద జరుపుతూ, కుడిచేతి వేళ్లకు తొడుగులు పెట్టుకుని మీటుతాడు. స్టీల్ గిటార్ అంటారు. మనిషి గొంతు సాగినట్టు సాగుతుంది. నేను నాలుగో తరగతితోనే బడి మానేసినదాన్ని, రాగాల పేర్లు నాకు తెలియవు. కానీ ముప్పై ఏళ్లు పక్కగదిలో జాకెట్లు కుట్టుకుంటూ విన్నాను. ఆ గొంతు సగం ఆయన చేతుల్లోంచి, సగం కాలిలోంచి వస్తుందని మాత్రం తెలుసు.

కాలు అంటే కుడికాలు. దాని కింద వాల్యూమ్ పెడల్ ఉంటుంది. నా కుట్టుమిషన్ పెడల్ తొక్కితే చక్రం తిరుగుతుంది, ఆయన పెడల్ తొక్కితే శబ్దం లేస్తుంది. మడమ వైపు వంచితే తగ్గుతుంది, వేళ్ల వైపు వంచితే పెరుగుతుంది. తీగను మీటగానే టంగుమని ఒక దెబ్బ పడుతుంది చూడండి, ఆ దెబ్బ బయటికి రాకుండా కాలు వెనక్కి పెట్టి, మీటిన తర్వాత మెల్లగా ముందుకు నొక్కాలి. అప్పుడు పాట ఎక్కడ మొదలైందో తెలియకుండా పొగలాగా లేస్తుంది. తీగ అలిసిపోయి శబ్దం చచ్చిపోతున్నప్పుడు ఇంకాస్త నొక్కితే మళ్లీ ఊపిరి పోసుకుంటుంది. ఇదంతా ఆయన నాకు కూర్చోబెట్టి చెప్పింది కాదు. చూసి చూసి తెలుసుకున్నాను.

బతుకుదెరువు మాత్రం మిర్యాలగూడ రైస్ మిల్లులో, బాయిలర్ దగ్గర. లగ్గాలకు, భజనలకు, ఎవరన్నా పోయినప్పుడు పెట్టే సంతాప సభలకు గిటారు పట్టుకుని కోదాడ, సూర్యాపేట, నేరేడుచర్ల తిరిగేవాడు.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. వాయిద్యానికి చెప్పుకాలు తగలనివ్వడు. పెడల్ కూడా గిటారులో భాగమే అంటాడు. కాలు పెట్టక తప్పదు కాబట్టి, పెట్టేముందు వంగి చేత్తో దాన్ని తాకి కళ్లకు అద్దుకుంటాడు. అప్పుడు వట్టికాలు మోపుతాడు. స్టేజీ మెట్ల కిందే చెప్పులు విడిచేవాడు. ఎండాకాలం స్టేజీ ఇనుపరేకు కాలిపోతున్నా సరే, అదే పద్ధతి.

పాత పెడల్ ఇనుపది. రెండు ఇటుకలు కలిపి మోసినంత బరువు. పాదం మొత్తం పట్టేంత వెడల్పు, పైన రబ్బరు చాప. ఏళ్ల తరబడి తొక్కి తొక్కి ఆ రబ్బరు ఆయన పాదం అచ్చు పోసినట్టు అణిగింది. ఒకరోజు పెడల్ లోపల శబ్దాన్ని తిప్పే దారం తెగింది. తర్వాత కరకరమని ఒకటే గోల. ఎంత బాగు చేయించినా వారానికే మళ్లీ మొదలయ్యేది. అప్పటికి ఆయనకు షుగరు వచ్చి ఆరేళ్లు. బరువు మోసుకుంటూ బస్సులు ఎక్కి దిగడం చాతకావడం లేదు.

కోదాడలో ఆయనతో కలిసి కీబోర్డు వాయించే తమ్ముడు ఒకతను ఉన్నాడు. సొంత తమ్ముడు కాదు, అన్నా అని పిలుస్తాడంతే. అతనే చిన్న పెడల్ ఒకటి తెప్పించి ఇంటికి తెచ్చాడు. జానెడు పొడవు కూడా లేదు. నల్లరంగు వేసి నున్నగా ఉంది.

"వదినా, దీన్ని టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకోవచ్చు. అన్నయ్యకి మోత తప్పుద్ది," అన్నాడు.

మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది పెడలా, సబ్బుపెట్టెనా?" అన్నాడు.

"నీ కాలు పెద్దదైతే దాని తప్పేముంది అన్నా?"

ముగ్గురం నవ్వుకున్నాం. చాయ్ తాగి అతను వెళ్లిపోయాడు.

పాదం సగమే పట్టేది దాని మీద. మడమ కిందకు జారి నేల మీద ఉండేది. బలమంతా బొటనవేలి కింద ఉబ్బు ఉంటుంది కదా, అక్కడే పడేది. పైగా ఆ నున్నటి రేకు మీద చెమట కాలు జారేది. బూట్లు వేసుకుని తొక్కేవాళ్లకు అది సరిపోతుందేమో. ఇంట్లో వాయించినప్పుడు ఎట్లాగో నెట్టుకొచ్చాడు. కోదాడలో ఒక పెళ్లి విందులో మాత్రం, మధ్యాహ్నం భోజనాల వేళ, నెమ్మదిగా సాగే పాట మధ్యలో కాలు సర్రున జారి పెడల్ మొత్తం అణిగిపోయింది. గిటారు కేక పెట్టినట్టు అరిచిందట. తింటున్నవాళ్లు విస్తళ్ల ముందు చేతులు ఆపి చూశారు. పాడే పిల్ల మైకులోనే, పెద్దాయనకు నిద్రొచ్చినట్టుందని అంది. అందరూ నవ్వారు. ఈ సంగతి కీబోర్డు తమ్ముడు ఫోనులో చెబితే తెలిసింది. మా ఆయన చెప్పలేదు. నాలుగు రోజులు గిటారు మీద గుడ్డ తీయలేదు.

అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. ఉగాదికి ఇంటికి రంగులు వేయించినప్పుడు, గోడలు రుద్దే ఉప్పు కాగితం రెండు ముక్కలు మిగిలిపోయాయి. ఒకటి తీసుకుని, పెడల్ మీద పెట్టి సుద్దముక్కతో గీత గీసి, జాకెట్ చేయి కత్తిరించినంత శ్రద్ధగా కత్తిరించాను. మూలలు గుండ్రంగా తీశాను. బంక రాసి అతికించి, పైన నా ఇస్త్రీపెట్టె బరువు పెట్టాను. ఆయన మిల్లు నుంచి వచ్చి స్నానం చేసి, దాన్ని తాకి కళ్లకద్దుకుని కాలు పెట్టాడు.

"మంచిగ పట్టింది," అన్నాడు.

ఆ సాయంత్రమంతా వాయించాడు. నేను కుట్టుమిషన్ ఆపేసి గడపలో కూర్చున్నాను. అంత గర్వంగా నా జన్మలో ఎప్పుడూ కూర్చోలేదు.

షుగరున్నవాళ్ల పాదాలకు స్పర్శ పోతుందని మాకు తెలియక కాదు. బస్టాండులో ఒక చెప్పు జారిపోతే అట్లాగే ఇంటిదాకా నడిచి వచ్చాడు ఒకసారి. రెండో చెప్పు ఏదీ అని అడిగితే కిందికి చూసుకుని ఆశ్చర్యపోయాడు. ఇరుగుపొరుగుకు ఆ కథ చెప్పి నవ్వించాను కూడా. ఆ మనిషికి, ఆ కాలి కింద ఉప్పు కాగితం అతికించాను. మనిషి రోజుకు గంట, రెండు గంటలు దాని మీద కాలు ముందుకూ వెనక్కూ ఆడిస్తాడని, అది గోడను అరగదీసే కాగితమని, రెంటినీ కలిపి ఒక్క ఆలోచన నాకు రాలేదు.

ఒకరోజు ఇల్లు తుడుస్తుంటే నేల మీద తడి చుక్కలు కనబడ్డాయి. బాత్రూము నుంచి వచ్చాడేమో అనుకున్నాను. మర్నాడూ ఉన్నాయి. వాసన కూడా వచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి పాదం ఎత్తి చూస్తే, బొటనవేలి కింద శనగగింజ పట్టేంత గుంట. చుట్టూ చర్మం తెల్లగా నానిపోయి ఉంది. నొప్పి లేదా అని అడిగితే, ఉంటే చెప్పనా అన్నాడు. పసుపు, కొబ్బరినూనె కలిపి పెట్టి గుడ్డ కట్టాను. అట్లా పన్నెండు రోజులు పోగొట్టాను. ఆ పన్నెండు రోజుల్లో నేరేడుచర్లలో ఒక లగ్గానికి వెళ్లి వాయించి వచ్చాడు. కట్టు ఉంటే పెడల్ మీద కాలు నిలవడం లేదని, అక్కడ కట్టు విప్పేశాడట.

అక్కడినుంచి వచ్చినాక సంచి దులుపుతుంటే పెడల్ చేతికి వచ్చింది. కాగితం అంతా గరుకుగానే ఉంది. ఒక్కచోట మాత్రం నున్నగా అరిగి, గోధుమరంగు మరక ఎండిపోయి ఉంది. బొటనవేలి కింద ఉబ్బు ఆనే చోటు. వేడినీళ్లు పోసి, గోటితో గీకి గీకి ఆ కాగితం పీకేసి పొయ్యిలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయేసరికి పాదం పైదాకా నల్లబడింది. అక్కడ మా ఆడబిడ్డ ఇల్లుంది, ఆయనకు అక్క. ఆమె దగ్గరే దిగాం. డాక్టరు చూసి, ఏం గుచ్చుకుందని అడిగాడు. చెప్పాలనే అనుకున్నాను. మా ఆయనే ముందు అందుకున్నాడు.

"తుమ్మముల్లు సార్. మిల్లు ఎనకాల ఇరిగింది."

ముల్లు ఎప్పుడు విరిగిందో తారీకుతో సహా చెప్పాడు. డాక్టరు రాసుకున్నాడు. ఆయన అబద్ధమాడడం నేను విన్నది తక్కువ. ఇంత సాఫీగా ఆడతాడని అనుకోలేదు.

ముందు రెండు వేళ్లు తీశారు. వారం తిరక్కుండానే చీలమండ పైదాకా తీసేశారు. ఆ రెండు ఆపరేషన్ల మధ్య ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, మడమ ఉంటదా అని. మడమ ఉంటే పెడల్ వెనక్కి వంచవచ్చు. ఉంటుందని నేను చెప్పాను. ఉండలేదు.

ఆడబిడ్డ నోరు మంచిది కాదు, మనసు చెడ్డది కాదు. రోజూ గిన్నెలో జావ తెచ్చి, తమ్ముడికి తినిపిస్తూ తిట్టేది.

"వాయిద్యం మీద కాలు వెడితె అమ్మవారు ఊకుంటదా? సిన్నప్పటి సంది సెప్తనే ఉన్న."

"మొక్కినంకనే పెట్టిన గదక్కా," అన్నాడు ఆయన.

"మొక్కి తంతె తన్నినట్టు గాదా మరి?"

ఆ మాటకు ఆయన నవ్వాడు. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. ముల్లు అని ఒకరు, పాపం అని ఒకరు. నా దగ్గరున్నది మాత్రం ఇద్దరూ అడగలేదు.

ఇంటికి కిరాయి కారులో తెచ్చుకున్నాం. కాలు ఉండాల్సిన చోట దిండు పెట్టి, నేను పక్కన ఒదిగి కూర్చున్నాను. సగం దూరం వచ్చాం. ఆయన కిటికీలోంచి చూస్తూనే అడిగాడు.

"కాగితం పీకేసినవా?"

"పీకేసిన."

"మంచిగ పట్టు ఉండె దానికి."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. డ్రైవరు అద్దంలో చూసి ఏసీ తగ్గించాడు.

కాలు పోయిన మనిషి పాట మానేస్తాడని అందరూ అనుకున్నారు. మానలేదు. ఎడమకాలు ఉంది కదా అన్నాడు. గాయం మానినాక కీబోర్డు తమ్ముడు కోదాడ నుంచి వచ్చి, పెడల్‌ను ఎడమవైపుకు మార్చి వైర్లు సర్దాడు. కానీ డాక్టరు పంపేటప్పుడు నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పాడు. ఆ కాలికీ స్పర్శ లేదమ్మా, దాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలి, మెత్తటి చెప్పు లేకుండా దేని మీదా మోపనీయకు అన్నాడు. షుగరువాళ్లకు ఇచ్చే నీలంరంగు మెత్తటి చెప్పు కూడా ఇప్పించాడు. అన్నా, అది వేసుకునే తొక్కు, ఏం కాదు అని తమ్ముడు బతిమాలాడు.

"దవాఖాన చెప్పేసుకొని దాన్ని తొక్కుమంటవా?" అని పెడల్ పక్కకు నెట్టాడు ఆయన.

తమ్ముడు వెళ్లిపోయాక నాకు కోపం ఆగలేదు. "నీకు కాలు ముక్యమా, పట్టింపు ముక్యమా? ఆ పట్టింపుతోనే గదా ఒకటి పాయె," అన్నాను.

ఆయన నా వంక చూడలేదు. స్టీలు కడ్డీని తువ్వాలుతో తుడుస్తూ అన్నాడు.

"అది పట్టింపుతోటి పోలేదు గదనే."

గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట అన్నాడంతే. అన్నాక, అది నాకెక్కడ తగిలిందో ఆయనకే తెలిసివచ్చినట్టుంది. కాసేపటికి, చాయ్ పెడతవా అని అడిగాడు. పెట్టాను. ఇద్దరం తాగాం. ఆ మాట తర్వాత ఎప్పుడూ మా మధ్యకు రాలేదు. రాకపోయినా, ఉన్నచోటే ఉంది.

మర్నాడు ఆయన్ను అడక్కుండానే పెడల్‌ను గుడ్డలో చుట్టి, కోదాడ బస్సు కండక్టరు చేతిలో పెట్టి ఆ తమ్ముడికి పంపించేశాను. ఆయన వెతకలేదు, అడగలేదు. గిటారు వైరును తిన్నగా శబ్దం వచ్చే స్పీకరు డబ్బాలోకి పెట్టుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మీటిన ప్రతిసారీ దెబ్బ రాయి పడ్డట్టు టంగుమని పడుతుంది, పడ్డచోటే ఆరిపోతుంది. ప్రోగ్రాములకు ఎవరూ పిలవడం లేదు. పిలవకపోవడంలో వాళ్ల తప్పు లేదు.

రోజూ పొద్దున ఆయన ఎడమ అరికాలు వెలుతురుకు తిప్పి చూడడం నా పని. మొన్న శివరాత్రి దాటినాక ఒకరోజు, బొటనవేలి కింద ఎర్రగా కమిలి కనబడింది. చెప్పు లేకుండా గడప దాటడు, ఎక్కడిదిది అనుకున్నాను. ఆ సాయంత్రం వాయిస్తుంటే కళ్లు కిందకు పెట్టుకుని చూశాను. స్టాండు కింద ఆ కాలు చెప్పులోంచి బయటికి వచ్చి, సిమెంటు నేల మీద ముందుకూ వెనక్కూ రుద్దుకుంటోంది. మీటగానే వెనక్కి, పాట సాగేచోట ముందుకి. పెడల్ లేదని చేతులకు తెలిసింది గానీ కాలికి తెలియలేదు. ఆయనకు కూడా తెలియదు. చెబితే, నిజమా అన్నాడు.

వాయించొద్దు అనడానికి నాకు నోరు రాలేదు. ఆ మాట అనే హక్కు ఎవరికైనా ఉంటుందేమో గానీ నాకు లేదు. అందుకని ఇప్పుడు ఆయన వాయించినంతసేపూ నేను స్టాండు కింద చాప వేసుకుని కూర్చుని, ఆ పాదాన్ని నా ఒడిలో పెట్టుకుంటున్నాను. బయటికి వినబడేది టంగుటంగుమనే మోతే. పాట ఎక్కడ లేవాలో, ఎక్కడ ఊపిరి పోసుకోవాలో మాత్రం నా తొడ మీద తెలుస్తుంది. కొన్ని పాటలకు గట్టిగా నొక్కుతాడు, నా తొడ కమిలిపోతుంది. నాకు నొప్పి తెలుస్తుంది కాబట్టి పరవాలేదు. పాట అయిపోగానే పాదం తిప్పి, వేళ్ల సందులన్నీ విడదీసి చూస్తాను.

"ఏమన్న ఉన్నదా?" అని అడుగుతాడు పైనుంచి.

ఏం లేదని చెబుతాను. ఇంతవరకైతే ఆ మాట నిజమే.