అయ్యను చూసి చెప్పేదాన్ని

అవి దొరల రోజులు. మా అయ్య బారువ రేవులో ఓడెక్కి రంగం పోయాడు. రంగం అంటే రంగూన్. మా ఉద్దానం మగాళ్లు కూలికి పోయే చోటు. రెండేళ్లయినా ఉత్తరం లేదు, మనిషి లేడు. "పోయుంటాడే, బొట్టు తీసీయ్" అని మా పెద్దమ్మ, అంటే అయ్య అన్నగారి పెళ్లాం, అమ్మని ఒకటే పోరు. అమ్మ ఒప్పుకోలేదు. టెక్కలి నుంచి అంజనం వేసే ముసలాయన్ని పిలిపించింది.

ఆయన తమలపాకుకి నల్లటి కాటుక పూసి నా చేతిలో పెట్టాడు. తప్పిపోయిన మనుషులు అందులో చిన్నపిల్లలకే కనపడతారట. నాకప్పుడు ఏడేళ్లుంటాయేమో. ఓలమ్మో, ఎంత బాగా కనిపించాడు అయ్య! బియ్యం మిల్లు అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు, చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. గడగడా చెప్పేశాను. అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. పెద్దమ్మ నోరు మూతపడింది.

తర్వాత ఆకుతో పని లేకపోయింది. పీచు తాడు పేనుతూ అమ్మ అడిగేది: "ఓలే గుంటా, మీ అయ్య ఏటి సేత్తన్నాడో సూసి సెప్పు." కళ్లు మూసుకోవడమే ఆలస్యం, కనిపించేసేవాడు. గంజి తాగుతున్నాడనేదాన్ని. జొరమొచ్చిందన్న నాడు అమ్మ అన్నం ముట్టలేదు. అబద్ధమాడుతున్నానని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే మీదపడి కరుస్తాను.

ఓణీ వేసుకునే ఈడొచ్చింది. ఓ పొద్దున్న అమ్మ మళ్లీ అడిగింది. కళ్లు మూసుకున్నాను. మిల్లు లేదు, అరుగు లేదు. అసలు అయ్య ముఖమే గుర్తు రాలేదు. మీసం ఉండేదా? ఏం చెబితే అమ్మ నమ్ముతుందో అని ఆలోచించాను. పాపిష్టిదాన్ని, ఆలోచించాను!

"బాగున్నాడమ్మా" అన్నాను.

అమ్మ పేనుతున్న తాడు పక్కన పెట్టింది. "ఇన్నాళ్లూ అడగ్గానే సెప్పీదానివి" అంది. కోప్పడినా బాగుండేది. లేచి పెరట్లోకెళ్లి, నూతి గట్టుకేసి గాజులు కొట్టేసుకుంది.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ ఇంటిల్లిపాదికీ మైల స్నానాలు చేయించింది. నీళ్లు నేనే తోడాను. అయ్య పోయినట్టు రంగం నుంచి కబురు మాత్రం ఏనాడూ రాలేదు. బతికున్న మనిషిని నేనే చంపేశానేమోనని, ఇంత ముసలిదాన్నయ్యాక కూడా, భయమేస్తుంది.