పిన్ని తల పెరిగిన నెల

మా బాబాయి ఎంఆర్ఐ మెషీన్లు బాగుచేస్తాడు. స్కాన్ గది తలుపు బయట నిలబడి ఆ టకటకలు వింటే చాలు, లోపల ఏ తీగచుట్ట పనిచేస్తోందో చెప్పేస్తాడు. పెద్ద అయస్కాంతం లోపల అలాంటి చుట్టలు మూడుంటాయి. అయస్కాంత బలాన్ని ఒక చివర కాస్త పెంచి, మరో చివర కాస్త తగ్గించడం వాటి పని. ఆ తేడాని బట్టే ఒంట్లో ఏది ఎక్కడుందో మెషీన్ కనిపెడుతుంది. ఇది మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. వద్దన్నా చెప్తాడు మరి.

మా పిన్ని తలలో చిన్న గడ్డ ఉంది. పెరగనంతకాలం దాని జోలికి పోవద్దని, పెరిగితే మాత్రం ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాడు. ఆర్నెల్ల తర్వాత బాబాయి పనిచేసే ఆసుపత్రిలోనే తీసిన స్కాన్‌లో పద్దెనిమిది మిల్లీమీటర్ల గడ్డ ఇరవై అయింది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చేశారు. నేను పిన్ని బట్టలు సర్దడం మొదలుపెట్టాను.

బాబాయి మాత్రం రెండు ఫిల్ములూ కిటికీ అద్దానికి అంటించి స్కేలు పట్టుకున్నాడు. ఇదేం మనిషిరా బాబూ అని నాకు ఒళ్ళు మండింది.

"అడ్డంగా ఏం మారలేదే! నిలువుగానే పెరిగింది," అన్నాడు పిన్నితో. స్కేలు తల బొమ్మ చివరిదాకా జరిపి, "నీ తల కూడా పెరిగింది."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నా తల తింటూనే ఉన్నారుగా, తరగాలి గానీ పెరగడమేంటండీ?" అంది పిన్ని.

ఆయన నవ్వలేదు. ఆసుపత్రికి పరిగెత్తాడు. నేనూ వెంటపడ్డాను.

మెషీన్ కొలతలు సరిచూడటానికి నీళ్ళు నింపిన ప్లాస్టిక్ బంతి ఒకటి ఉంటుంది. దాన్ని లోపల పెట్టి స్కాన్ చేస్తే తెర మీద కోడిగుడ్డులా నిలువుగా సాగి వచ్చింది. కిందటి నెల పాత బంతి పగిలితే, దానికన్నా కొంచెం చిన్నది తెప్పించారు. మూడు చుట్టల బలమూ సరిచేసేటప్పుడు రెండింటికి కొత్త బంతి కొలతే ఇచ్చి, మూడోదానికి అలవాటుకొద్దీ పాత పెద్ద కొలత ఇచ్చేశారు. ఇచ్చింది బాబాయే.

అది సరిచేసి, పిన్నికి మళ్ళీ స్కాన్ తీయించాడు. పద్దెనిమిదే! నేను ఏడ్చేశాను. తన తప్పు బయటపడిందని అంత సంబరపడిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

పిన్ని తీసిపెట్టిన తలపిన్నులు మళ్ళీ పెట్టుకుంటూ అడిగింది: "ఈ నెల రోజుల్లో ఇందులో ఎంతమంది పడుకున్నారండీ?"

బాబాయి నవ్వు ఆగిపోయింది. "రెండొందల పైనే."

"వాళ్ళందరి ఇళ్ళల్లోనూ స్కేలు పట్టుకునే మొగుళ్ళుండరుగా."

బాబాయి పెద్ద డాక్టరు గదికి వెళ్ళి జరిగింది చెప్పి, ఆ పేర్ల జాబితా అడిగి తెచ్చుకున్నాడు. సాయంత్రం దాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ మొదటి మాట ఒకటే: "పొరపాటు నాదండీ."