కానింగ్ నది ఒడ్డున పిలిచిందెవరు?

ఒసేయ్ అన్వీ, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. దయ్యాలంటే నవ్వేసేదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ ఇది జరిగింది.

మనం ఉండే కానింగ్ వేల్ నుంచి కారులో పది నిమిషాలు వెళితే నది పక్కన ఆ పార్కు. మీరంతా ఆఫీసులకీ, యూనివర్సిటీకీ పోయాక నాకు అదే ఊరనుకో. అక్కడే పరిచయమైన పద్మగారు రోజూ నన్నూ, మీ తాతయ్యనీ కారెక్కించుకునేది. ఆదివారాలు అక్కడ అందరి కోసం పెట్టిన బార్బెక్యూ పెనం మీద పెసరట్లు వేసేవాళ్లం. కుక్కని తిప్పుకునే జూడీ కూడా వచ్చి, అల్లం పచ్చడితో తిని ముక్కు చీదుకునేది. ఆ పార్కు లేకపోతే ఈ పరాయి దేశంలో నాకు ఒక్క మనిషీ తెలిసుండేవారు కాదు.

మీ తాతయ్యకి మతిమరుపు ముదిరిన రోజులవి. నన్ను చూసి "మీరెవరమ్మా?" అనేవారు. రికార్డుల్లో పేరుకి పలకడం మానేశారు. చిన్నప్పుడు వాళ్లమ్మ పిలిచిన ముద్దుపేరుకైతే పలికేవారు. ఆ పేరు ఆ పార్కులో నాకొక్కదానికే తెలుసు.

ఓ మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర, మంచి ఎండ. గోంగూర ఎలా నిలవ పెట్టాలో పద్మగారికి చెబుతూ తల తిప్పాను. మీ తాతయ్య కూర్చున్న బెంచీ ఖాళీ. చెప్పులు మాత్రం నీళ్ల గట్టు మీదున్నాయి.

"ఏమండీ! ఏమండీ!" అని అరిచాను. పద్మగారి మొగుడూ, ఇంకో ఇద్దరు తెలుగువాళ్లూ "ఆఁ?" అని తిరిగారు. ఈయన తప్ప. నవ్వకు, రాయి.

"పేరు పెట్టి పిలవండి అక్కయ్యగారూ! ప్రాణం మీదికొచ్చాక కూడా పట్టింపేంటి?" అని పద్మగారు నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

నోరు తెరిచాను. రాలేదే. పెళ్లై యాభై రెండేళ్లు, ఒక్కసారీ ఆయన్ని పేరుతో పిలవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయాను.

అప్పుడు వినబడింది. పడవలు దించే రేవు వైపు నుంచి, ఓ ఆడగొంతు. ఆ ముద్దుపేరే. రెండుసార్లు.

అందరం పరిగెత్తాం. ఆయన నడుం లోతు నీళ్లలో ఉన్నారు. కానీ మొహం ఒడ్డుకేసి ఉంది. వెనక్కి వస్తున్నారు. నన్ను చూసి, "వస్తున్నాగా, ఎందుకలా అరుస్తావ్?" అన్నారు. ఆయన నన్ను "నువ్వు" అని నాలుగు నెలలైంది.

రేవు దగ్గర జూడీ ఉంది. ఆ పేరు తనూ విందిట, తన యాసలో పలికి చూపించింది. నేనే పిలుస్తున్నాననుకుందిట. నా గొంతేనట. చుట్టూ చూస్తే ఎవరూ లేరుట.

కంగారులో నేనే ఆ పేరు అరిచుంటానంటాడు మీ నాన్న. పద్మగారు నా చెయ్యి వదల్లేదు. "ఏమండీ" అన్నాక నేను కిక్కురుమనలేదని ఈ రోజుకీ ఒట్టేసి చెబుతుంది. పైగా ఆ పిలుపు మాకు ఎదురుగా, రేవు వైపు నుంచి వచ్చింది.

ఏంటే, ఆ పేరేంటంటావా? తాతయ్యనే అడుగు. నాకు నోట రాదు. బాత్రూం తలుపేసుకుని కూడా ప్రయత్నించాను, రాలేదు. మరి ఆ రోజు నా గొంతుతో ఆయన్ని పిలిచిందెవరో, నాకు తెలీదు.