నేను మూడుసార్లు చచ్చిన సినిమా

ఆ రోజుల్లో మాదాపూర్‌లో పనిచేస్తున్నానంటే జనం జాలిపడేవారు. ఇప్పుడు అదే మాట మా మనవరాలు చెబితే పెళ్ళిచూపులకు క్యూ కడుతున్నారు. మేం గొలుసులు పట్టుకుని కొలిచిన రాళ్ళగుట్టల్ని పేల్చేసి అద్దాల మేడలు కట్టారు. అందులో పదకొండో అంతస్తులో కూర్చుంటుంది ఆ పిల్ల. ఆదివారం వచ్చి, ఏదో చలిదేశపు సినిమా ఒకటి పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. అందులో ఒక ముసలాయన కిటికీలోంచి వాన చూస్తుంటాడు. ఇరవై నిమిషాలు చూస్తాడు. వాన వెలుస్తుంది గానీ ఆయన మాత్రం కదలడు. "ఎంత డెప్త్ ఉందో చూశావా తాతయ్యా" అంటుంది. ఉందమ్మా అంటాను. ఎవరైనా మహానుభావుడు ఆ కిటికీ బద్దలుకొట్టుకుని గుర్రం మీద లోపలికి దూకితే బాగుండునని లోపల్లోపల మొక్కుకుంటూ ఉంటాను. డెబ్బై దాటినా తగ్గని ఈ జబ్బు నాకు అంటుకున్నది ఆ రాళ్ళ మధ్యనే.

గుంటూరు జిల్లా నుంచి వచ్చి సర్వే ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాగా చేరిన కొత్త రోజులవి. తాత్కాలికం అంటే జీతం ఉంటుంది, ధైర్యం ఉండదు. మా పని మాదాపూర్, నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల గుట్టలు కొలవడం. మాదాపూర్ ఊళ్ళో కిరాయికి తీసుకున్న ఒక పెంకుటింట్లో మా క్యాంపు ఆఫీసు. దానికి అధిపతి మా సూపరింటెండెంటు గారు. ఆయనకు మేం చాటుగా పెట్టుకున్న పేరు 'అభిరుచి గారు'. రోజుకు పదిసార్లు 'ఉత్తమాభిరుచి' అనేవారు మరి. రేడియోలో కచేరీ వస్తుంటే కళ్ళు మూసుకుని తొడమీద తాళం వేసేవారు (తాళం ఒక దారిన, కచేరీ ఒక దారిన పోయేవి, అది వేరే సంగతి). దేశంలో వానలు పడకపోయినా, ఫైళ్ళు కదలకపోయినా కారణం ఒకటే ఆయన దృష్టిలో: ఫైటింగు సినిమాలు. ఒకసారి ఒక గుమాస్తా సొరుగులో సినిమా పాటల పుస్తకం దొరికితే మెమో ఇచ్చి, అతని సంజాయిషీలో అచ్చుతప్పులు దిద్ది మళ్ళీ రాయించారు. నన్ను పర్మనెంటు చేసే ఫైలు ఆయన బల్లమీదే ఉండేది. "నీ నడవడి చూసి రాస్తానయ్యా" అన్నారు మొదటిరోజే. ఆ ఫైలు మీద సంతకం పడకపోతే నేను తిరుగు బండి ఎక్కి, మా నాన్న ముందు నిలబడాలి. మా నాన్న కంటే అభిరుచి గారే నయం. నా పరిస్థితి అంత ఘనంగా ఉండేది.

ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి ముఖ్యం. గుట్టమీద ప్రతి పెద్దరాయికీ తెల్లరంగుతో సర్వే నంబరు వేసి, దాని కింద రాసినవాడి పొట్టిసంతకం కూడా వెయ్యాలి. "రేపు తప్పు ఎవడిదో తెలియాలి కదా" అనేవారు. ఆ భూమి గురించి రికార్డులో ఆయన స్వయంగా రాసిన వాక్యం నాకు ఇప్పటికీ కంఠస్థం: 'సేద్యమునకు గాని, నివాసమునకు గాని, మరి ఏ ఇతర ప్రయోజనమునకు గాని పనికిరాని రాతినేల.' ఆయన దూరదృష్టికి ఇప్పుడు చదరపు గజం ఎంతో మీరే విచారించుకోండి.

గొలుసు పట్టే చైన్‌మన్ ఆ ఊరివాడే, యాభై ఏళ్ళవాడు. అందరం గొలుసు మామ అనేవాళ్ళం. నా చదువు ఎంత దండగో కనిపెట్టిన మొదటి మనిషి ఆయనే. నేను చంకలో లావుపాటి నవల పెట్టుకు తిరుగుతుంటే (చదవడానికి కాదు, అభిరుచి గారి కంట పడటానికి) ఒక శనివారం సాయంత్రం సైకిల్ వెనక ఎక్కించుకుని హఫీజ్‌పేట స్టేషను దగ్గరి డేరా టాకీసుకు తీసుకుపోయాడు. నేల టికెట్టు. అంటే నిజంగా నేలే. ముందువాడి తలపాగా, వెనకవాడి మోకాళ్ళు, మధ్యలో మనం.

ఆ సినిమాల గొప్పదనం ఏమని చెప్పను. హీరో తలమీద టోపీ, నడుముకు తుపాకీ, కింద గుర్రం. ఊరేమో ఏ దేశంలోదో తెలియదు, అందరూ మాత్రం కృష్ణా జిల్లా తెలుగు మాట్లాడతారు. ఆరు గుళ్ళ తుపాకీ అరవైసార్లు పేలుతుంది. గుండు తగిలినవాడు ముందు పడతాడు, చప్పుడు తరవాత వినిపిస్తుంది. విలన్ గుహలో కరెంటు ఉంటుంది, ఊళ్ళో ఉండదు. చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడు పుట్టుమచ్చ చూపించేదాకా అన్నయ్య అతన్ని చావబాదుతూనే ఉంటాడు. మొదటిరోజు నేను పట్టణపు తెలివి చూపించుకుందామని, ఆ తుపాకీలో గుళ్ళు ఎలా సరిపోతాయని గొలుసు మామ చెవిలో అడిగాను. ఆయన తెరమీంచి కళ్ళు తిప్పకుండా, "ఏంది సారూ, గోలీలు లెక్కవెడ్తున్నరా? పొద్దంత రాళ్ళు లెక్కవెట్టింది సాల్లేదా? జర సప్పుడు జెయ్యక సూడున్రి" అన్నాడు. సిగ్గేసింది. ఆ తరవాత మూడో ఫైటింగులో నేను వేసిన ఈల నాదేనని నాకే నమ్మకం కుదరలేదు. ఆ రోజునుంచి ఏ శనివారమూ తప్పలేదు. సోమవారం మాత్రం నవల చంకలో ఉండేది.

అలాంటి రోజుల్లో సాక్షాత్తూ ఒక కౌబాయి సినిమా షూటింగు మా గుట్టకే వచ్చింది. జీపులు, గుర్రాలు, గొడుగులు. గుర్రాలను చూసుకోవడానికి గొలుసు మామను పెట్టుకున్నారు. దొంగల గుంపులో మనుషులు తక్కువయ్యారనీ, వస్తానంటే నన్నూ కలుపుకుంటారనీ కబురు పెట్టాడు. తాత్కాలికపు వాడికి సెలవు దొరకాలంటే మా ఆఫీసులో ఒకటే దారి, ఇంట్లో ఎవరో ఒకరు పోవాలి. ప్రతి గుమాస్తా ఏటా ఒక దగ్గరి బంధువును శాఖకు సమర్పించుకునేవాడు. నేను మా నాయనమ్మ పోయిందని అర్జీ రాశాను. అబద్ధం కాదు, ఆవిడ నేను మూడో తరగతిలో ఉండగానే పోయింది. తేదీ ఒక్కటే రాయలేదు.

మర్నాడు టోపీ పెట్టి, చేతికి చెక్క తుపాకీ ఇచ్చి, హీరో పేల్చగానే పడిపొమ్మన్నారు. ఇక్కడ నా సమస్య మీకు చెప్పాలి. దొంగల దుస్తులు చొక్కాల వరకే సరిపోయాయి; పాంటు ఎవరిది వాళ్ళదే. నాకున్న మంచి పాంటు ఒక్కటి, ఆఫీసుకు వేసుకెళ్ళేది, ఇస్త్రీ మడత చెడకుండా పరుపు కింద పెట్టి కాపాడుకునేది. అందువల్ల హీరో పేల్చగానే నేను ఒక చేత్తో గుండె పట్టుకుని, రెండో చేత్తో పాంటును మోకాళ్ళ దగ్గర కాస్త పైకి లాగి, అప్పుడు మోకరిల్లి, అప్పుడు చచ్చాను. ఎవరూ గమనించలేదు. మనుషులు చాలక మధ్యాహ్నం మొహానికి ఎర్రగుడ్డ కట్టి మళ్ళీ చంపారు. సాయంత్రం గడ్డం అంటించి మళ్ళీ చంపారు. మూడుసార్లూ మడత చెడలేదు.

అసలు ఘట్టం చివర్లో ఉంది. వంతెన తెగిపోతుంది, హీరో గుర్రం ఈ గుట్టమీంచి ఆ గుట్టమీదికి దూకాలి. హీరో ఒప్పుకున్నాడు, గుర్రం ఒప్పుకోలేదు. బతిమాలారు, అదిలించారు, బెల్లం పెట్టారు. అది బెల్లం తినేసి అక్కడే నిలబడింది. చివరికి గడ్డి కూరిన బొమ్మగుర్రాన్ని, దానిమీద బొమ్మ హీరోని పెట్టి, తాళ్ళతో అవతలికి విసిరారు. నాలుగు కాళ్ళూ మంచంకోళ్ళలా బిగుసుకుని పోయింది గాలిలో. అసలు గుర్రం అప్పుడు గొలుసు మామ తెచ్చుకున్న జొన్నరొట్టెలు తింటోంది.

ఆరేడు నెలలకు ఆ సినిమా మన డేరాకు వచ్చింది. మాదాపూర్ మాదాపూర్ అంతా అక్కడే ఉంది. తెరమీద గుట్ట కనబడగానే డేరా లేచిపోయింది, "అగో మన గుట్ట" అని. హీరో ఏదో పరాయి రాజ్యపు లోయలో నిలబడి శపథం చేస్తున్నాడు. ఆయన భుజం పక్కన రాయిమీద తెల్లగా, ముత్యాల్లాంటి అక్షరాలతో సర్వే నంబరు నూటపదిహేడు, దానికింద నా పొట్టిసంతకం. సర్కారు పనిమీద గుట్టెక్కినవాడి సంతకం రాయిమీద ఉంటే తప్పులేదు, నాయనమ్మ కర్మకు వెళ్ళినవాడు ఆ రాయి పక్కనే పడి చస్తుంటే ఎలా? నేను చావగానే గొలుసు మామ లేచి నిలబడి, "గా సచ్చెటోడు మా సారే" అని డేరాకంతా పరిచయం చేశాడు. రెండోసారి చచ్చినప్పుడు చప్పట్లు. మూడోసారికి పిల్లలు పాంటు లాగే దగ్గరే ఈలలు మొదలుపెట్టారు. నేను తువ్వాలు కప్పుకుని వెనక్కి చూశాను, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని. కుర్చీల్లో ఎండాకాలంలో మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దమనిషి తప్ప అందరూ పల్లెటూరివాళ్ళే. పాపం ఆయనకు జలుబు చేసిందనుకుని నిశ్చింతగా తిరిగి కూర్చున్నాను. బుద్ధి అంటే నాది.

రెండు రోజులు గడిచాయి. మంగళవారం పొద్దున్నే అభిరుచి గారు పిలిచారు. బల్లమీద నా పర్మనెంటు ఫైలు విప్పి ఉంది, పక్కన నా సెలవు అర్జీ. తిరుగు బండి, స్టేషను, మా నాన్న, అన్నీ వరసగా కనబడ్డాయి.

"మీ నాయనమ్మ ఎన్నిసార్లు పోయిందయ్యా?" అన్నారు.

"ఒక్కసారేనండి."

"మరి నువ్వు?"

అబద్ధమాడే ఓపిక లేదు. "మూడుసార్లండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "మొదటిసారి గుండు తగిలి పడ్డావు, సరే. రెండోసారి మొహానికి గుడ్డ కట్టుకొచ్చావు, పోనీ అనుకున్నాను. మూడోసారి గడ్డంతో వచ్చి మళ్ళీ అలాగే పాంటు ఎత్తిపట్టుకు చస్తావా? చచ్చేవాడికి ఇస్త్రీ గొడవేమిటయ్యా? మొదటిరోజు అనుమానించాను, రెండోరోజు నువ్వేనని తేల్చుకున్నాను, నిన్నయితే మరీ..."

అక్కడ ఆగిపోయారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. మూడు రోజులు. మూడో చావు క్లైమాక్సు ముందు వస్తుంది, అంటే మూడు రోజులూ చివరిదాకా కూర్చున్నారు. మఫ్లరు కళ్ళముందు మెదిలింది. (సిటీలో అయితే తెలిసినవాళ్ళు కనబడతారని పాసింజరు బండెక్కి హఫీజ్‌పేట దాకా వచ్చేవారట, ఎన్నో ఏళ్ళుగా. తరవాత ఆయనే చెప్పారు.) ఇంకొకడైతే ఆ క్షణాన ఆయన గుట్టు పట్టుకుని బేరమాడేవాడేమో. నాకు అంత ధైర్యం లేదు, నేను తాత్కాలికం. తలవంచుకు నిలబడ్డాను. ఆయన లేచి, తలుపు దగ్గరికి వేసి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"ఆ గుర్రం నిజంగా దూకిందా?"

నేను తలెత్తాను. యాభై ఐదేళ్ళ మనిషి, రేపో మాపో రిటైరయ్యే మనిషి, జాతరలో రంగులరాట్నం ముందు నిలబడ్డ పిల్లాడిలా చూస్తున్నారు. బొమ్మగుర్రం, మంచంకోళ్ళ కాళ్ళు, జొన్నరొట్టెలు, అన్నీ నాలుకదాకా వచ్చాయి. ఉద్యోగం కోసమే మింగేశానంటే మీరు నమ్ముతారు గానీ, ఒట్టు, ఆ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

"దూకిందండి. నా కళ్ళారా చూశాను" అన్నాను.

"నాకు తెలుసు" అన్నారు. కూర్చుని ఫైలు దగ్గరికి లాక్కుని, 'నడవడి తృప్తికరము, ఉత్తమాభిరుచి గలవాడు' అని రాసి సంతకం పెట్టారు. ఆ శనివారం నుంచి కుర్చీల్లో రెండు మఫ్లర్లు. గొలుసు మామ మాత్రం నేల వదలలేదు, అక్కణ్ణించి చూస్తేనే గుర్రాలు పెద్దగా కనబడతాయని.

ఆయన రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు కలిసేవాళ్ళం. కలిసినప్పుడల్లా ఆ గుర్రం మాట వచ్చేది, నేను దూకించేవాణ్ణి. ఏటేటా లోయ లోతు పెరిగేది. చివరికి ఆయన దవాఖానలో మంచాన పడ్డారని తెలిసి వెళ్ళాను. మాట సన్నగిల్లింది. చెయ్యి ఊపి దగ్గరికి రమ్మని, "ఆ గుర్రం సంగతి చెప్పవయ్యా" అన్నారు. చెప్పాను. కళ్ళు మూసుకుని విని నవ్వారు.

"దాని పొట్టకింద కుట్టు ఊడి గడ్డి రాలడం మొదటిరోజే చూశానయ్యా. అయినా నువ్వు చెబుతుంటే బాగుంటుంది. ఇంకోసారి దూకించు."

ఇంకోసారి దూకించాను. ఆ వారంలోనే పోయారు. నాలాగా కాదు, ఒక్కసారే. చాలా రోజులు ఏడుపొచ్చింది. గడ్డం పెట్టుకునైనా రెండో సగంలో వస్తారేమోనని పిచ్చి ఆశ ఉండేది.

మొన్న ఆదివారం వాన ముసలాయన సినిమా మధ్యలో కరెంటు పోతే, మనవరాలికి ఈ కథంతా చెప్పాను, గడ్డిగుర్రం ముక్క ఒక్కటి వదిలేసి. వాళ్ళ ఆఫీసు మేడ ఉన్నచోటే నేను మూడుసార్లు చచ్చానంటే పడీపడీ నవ్వింది. ఇంత చెత్త సినిమాలు ఎలా చూశావు తాతయ్యా అని వెక్కిరించింది. కరెంటు వచ్చింది. ముసలాయన ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు. ఆ పిల్ల రిమోట్ చేతిలోకి తీసుకుంది గానీ నొక్కలేదు.

"తాతయ్యా, ఇంతకీ ఆ గుర్రం నిజంగా దూకిందా?" అంది.

నేను పాంటు మోకాళ్ళ దగ్గర కాస్త పైకి లాక్కుని, సర్దుకుని కూర్చున్నాను.

"దూకిందమ్మా," అన్నాను. "నా కళ్ళారా చూశాను."