నేను కొలిచిన గంట

పలాసలో మా బావకి చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. టెక్కలిలో నాకు పెద్ద ఉద్యోగం ఉంది: ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పడం. ఉద్యోగం పెద్దదే, జీతం మాత్రం కనీస వేతనానికి కనిష్ఠ సోదరుడు. ఏటా బోర్డు మీద రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట చుక్క పెట్టి, "ఇదే కూలి. దీన్ని ప్రభుత్వం పైకి లాగితే పనులు పోతాయి" అని చెబుతాను. నా గీతలు ఎవరి నుదుటి మీదైనా పడతాయని ఎప్పుడూ అనుకోలేదు.

మొన్న వానాకాలంలో కాలేజీకి సెలవున్న రోజు బావ రమ్మన్నాడు. ఆయన షెడ్డులో జీడిపప్పు మీద పొట్టు ఒలిచే ఆడవాళ్ళకి కిలో లెక్కన కూలి. పొద్దస్తమానం ఒలిచినా సర్కారు చెప్పిన కనీస కూలి రావడం లేదని వాళ్ళు అడిగారట. బావ మంచివాడే, తేల్చేద్దామన్నాడు. ఒక మనిషి గంటలో ఎంత ఒలుస్తుందో తూచి, ఆ లెక్కన రోజంతా ఒలిస్తే కనీస కూలి వచ్చేలా కిలోకి రేటు కట్టడం. టైము చూడ్డానికి అటూ ఇటూ కాని మనిషి కావాలి. అటూ ఇటూ కాకపోవడంలో నాకు మొదటినుంచీ మంచి పేరుంది.

నేను వెళ్ళేసరికే ఒలిచే మనిషిని బావ ఎంచేశాడు. ఉద్దానం పల్లె నుంచి ఆటోలో వచ్చే ఒకావిడ, నలభై దాటి ఉంటాయి. షెడ్డు మొత్తంలో ఆవిడ చేతివేగం ఇంకెవరికీ లేదు.

"పనిమంతురాల్నే కూకోబెట్టినాను. ఇంకేటి మాట?" అన్నాడు బావ.

"ఆవిడ ఒలిచినంత అందరూ ఒలవగలరా?" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. ఆవిడ వేగానికి కనీస కూలి వచ్చేలా కడితే, మిగతావాళ్ళకి అందులో సగం వస్తే గొప్ప.

"పక్క షెడ్డువోడు మనకన్నా తక్కువిత్తన్నాడు. నానెక్కువిస్తే నా పప్పు ఎవుడు కొంటాడు? నువ్వు సెప్పిన పాఠమే కదా బామ్మర్దీ."

నా పాఠం నాకే అప్పజెప్పాడు. మార్కులు వేయకుండా కుర్చీలో కూర్చున్నాను.

డ్రయ్యర్‌లోంచి అప్పుడే తీసిన వెచ్చటి పప్పు పళ్ళెంలో పోశారు. వెచ్చగా ఉంటే పొట్టు తొందరగా వస్తుంది. అంతకుముందొకసారి ఆవిడ పని చూశాను. కత్తి కదలడం కనిపించదు, పొట్టు రాలడమే కనిపిస్తుంది. ఆ రోజు మాత్రం ఒక్కో పప్పునీ తిప్పి చూసి, గీరి, మళ్ళీ చూసి పక్కన పెడుతోంది. నేను లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు వంచుకుని ఒలుస్తున్నారు.

"ఏటమ్మా, ఈయేళ సేతికేటయినాది?" అన్నాడు బావ.

"వానలు కదా సావుకారా, పొట్టు ఒగ్గట్నేదు."

"ఇప్పుడే కదా డ్రయ్యర్లోంచి తీసినాను."

"డ్రయ్యర్లో పప్పెట్టినావు గాని, నా సేతులెట్టినావేటి?"

ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఇంతలో లారీ వచ్చిందంటే బావ బయటికి వెళ్ళాడు. ఆవిడ తలెత్తకుండానే నాతో అంది:

"మేస్టారూ, మా ఇంటాయనకి కిడ్నీలు పాడై, వారానికి రెండ్రోజులు రగతం కడిగించాల. ఆసుపత్రికి నానే తీసుకెల్లాల. ఆరు రోజుల కూలి నాలుగు రోజుల్లో లాగాల. అందుకే బేగి ఒలుత్తాను. అది పని కాదు బాబూ, పరుగు. నా పరుగు కొలిసి, అదిగో, ఆ కళ్ళు కనపడని ముసిలామెకి రేటు కడతారేటి?"

నేను ఫోన్‌లో టైము చూసుకున్నాను. ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి.

గంట అయ్యాక బావ వచ్చి కాటా మీద తూచాడు. తూకం చూశాడు, ఆవిణ్ణి చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"నువ్వు సూసినావు కదా. సరిగ్గా ఒలిసినాదా?"

"మామూలు మనిషి ఒలిచినట్టే ఒలిచింది" అన్నాను.

తూకం రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. అబద్ధమేమీ ఆడలేదని తిరుగుబస్సులో నాకు నేను చెప్పుకున్నాను. నందిగాం దాటేదాకా నమ్మాను కూడా.

కిలో రేటు పెరిగింది. పక్క షెడ్డు తిట్టుకుంది గాని, బావ ఫ్యాక్టరీ మూతపడలేదు. అలాగని నా పాఠం తప్పని తేలిందా అంటే, అదీ చెప్పలేను, ఏడాది తిరగలేదు. క్లాసులో చుక్క పెట్టబోతే మాత్రం చేయి ఆగుతోంది. అది ఎవరి పరుగు దగ్గర పెట్టిన చుక్కో తెలియడం లేదు. రేటు కట్టింది ఒక రోజు కూలికి. ఆవిడ బతకాల్సింది వారమంతా.

నెల తర్వాత వెళ్తే బావ బ్యాంకుకి వెళ్ళి ఉన్నాడు. ఆవిడ చేతులు చూశాను. పాత వేగమే, కత్తి కనిపించడం లేదు. తన పళ్ళెం మామూలుగా నిండాక, పైన ఒలిచినదంతా పక్కవాళ్ళ పళ్ళేల్లోకి తలా గుప్పెడు వేస్తోంది. సాయంత్రం తూకంలో ఎవరిదీ అనుమానంగా కనిపించకూడదు కదా. శనివారం కూలి చేతికొచ్చాక, ఆ గుప్పెళ్ళ తాలూకు డబ్బు వాళ్ళు ఆవిడకి ఇచ్చేస్తారట.

"మేస్టారూ, కూసింత గుమ్మం కాడ కూకోండి. బండి కనపడితే దగ్గండి" అంది ఆ కళ్ళు కనపడని ముసలామె.

ఎకనామిక్స్ లెక్చరర్‌కి ఇంకో ఉద్యోగం దొరికింది. దీనికి జీతంగా ఆ కనిష్ఠ సోదరుడు కూడా లేడు. బండి మలుపు తిరగగానే దగ్గాను. ఆవిడ చేయి నెమ్మదించి మామూలు మనిషి చేయి అయింది.

బావ లోపలికొచ్చి, పళ్ళేలన్నీ ఒకసారి చూసి, ముసలామె దగ్గర ఆగాడు.

"సూసినావా బామ్మర్దీ, ఈ మద్దిన ముసిలామెకి సెయ్యి తిరిగినాది. వొచ్చే ఏడు రేటు కట్టినప్పుడు ఈవిణ్ణే కూకోబెడదాం."

మళ్ళీ దగ్గొచ్చింది. ఈసారి నిజంగానే.