ఫెర్ను మళ్లలో వరి మందు

"ఆకులమ్ముకుని బతకడమేమిటే?" అని మా నాన్న అనని రోజు లేదు. అయినా పోరుపెట్టి కంకిపాడు పొలంలో పది సెంట్లు అడిగి, తాటాకు పందిరి వేయించి ఫెర్నులు పెట్టాను. డెబ్భైల్లో చర్చి పెళ్లిళ్ల బొకేలకి పట్నంలో వన్‌టౌన్ పూలకొట్లవాళ్లు ఆ ఆకులు తీసుకునేవాళ్లు. నాన్న షరతు ఒకటే: "తొలకరికల్లా మళ్లు నిండలేదో, పందిరి పీకించి వరినారు పోయిస్తా."

మళ్లు నిండాయి, కలుపుతో. కలుపు ముఠా పెద్దావిడ నలుగురు ఆడవాళ్లతో వచ్చి, ఫెర్ను కదలకుండా ఒక్కో పరక వేళ్లతో లాగేది. రోజంతా కూర్చున్నా రెండు మళ్లు తేలేవి కావు. నాకు ఓపిక నశించింది.

"రేపట్నించి రాకండి, కలుపు మందు కొట్టేస్తాను" అన్నాను.

"దీనికి ఆ మందు పడుద్దంటారా, అమ్మాయిగారూ?"

"వరికే ఏం కాలేదు, దీనికేమవుతుంది!"

వరి పండే ఇంట పుట్టినదాన్ని. వరికి చెరుపు చెయ్యని మందు లోకంలో దేనికీ చెయ్యదనుకున్నాను. నా మొహం! కొట్టంలో వరికి కొట్టగా మిగిలిన మందు కలిపి కొట్టేశాను.

నాలుగో రోజుకి ఫెర్నులన్నీ గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయాయి. గడ్డి మాత్రం, వరి జాతిదేగా, నవనవలాడుతోంది. నాన్న కంట పడకుండా ఆ పెద్దావిడ ఇంటికి పరిగెత్తాను.

"చదువుకున్నోరు చెప్పారుగదా అని ఊరుకున్నానండి" అని నవ్వి, కొడవలి తీసుకుని వెంటనే బయల్దేరింది. ఎండిన ఆకులు మొదలంటా కోసి, మట్టి తప్పించి దుంపని గోటితో గిచ్చింది. "లోన పచ్చగానే ఉందండి. ఏడుపాపి నీళ్లు పెట్టండి."

మర్నాటినుంచి ముఠా మళ్లీ గడ్డి లాగింది. నేను రోజూ పళ్లు తోముకోకుండానే మళ్లకి పోయేదాన్ని. మూడు వారాలు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక పొద్దున, జంతికలా చుట్టుకున్న లేత మోసు కనిపించింది. పక్కన ఇంకోటి. అమ్మయ్య! ఆ పెద్దావిణ్ణి వాటేసుకున్నాను.

"వదలండమ్మా, మోసు తొక్కేస్తన్నారు" అంది.

తొలకరి మబ్బు పట్టిన రోజున నాన్న వచ్చాడు. మళ్లు ఇంకా పూర్తిగా నిండలేదు. పందిరి గుంజ మీద చెయ్యేసి మోసులన్నీ చూశాడు, తలెత్తి పైకప్పు చూశాడు.

"ఈ తాటాకు చివికిపోయింది. వానకి ఆగదు, కొత్తది కప్పించు" అన్నాడు.

సరే నాన్నా అని, అప్పటికప్పుడే తాటాకు కోసం పరిగెత్తాను.