మా కల్లంలో సిస్టరమ్మ

నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించింది మా ఊరి కాన్వెంట్ సిస్టరమ్మే. నెల దాకా మిరపకాయల జోలికి పోనని నా దగ్గర మాట తీసుకుంది. రేపేమో సరుకు గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాలి, కూలీలు రాలేదు. తెల్లబారిన తాలుకాయలు ఎవడు ఏరతాడు? ఈ రోజు మధ్యాహ్నం నల్ల కళ్ళజోడు పెట్టుకుని నేనే కల్లంలో కూర్చున్నాను.

కంట్లో చుక్కలు వేయడానికి ఇంటికొచ్చిన సిస్టరమ్మ, నేను కనపడకపోయేసరికి మోపెడ్ మీద నేరుగా కల్లానికి వచ్చేసింది.

"వచ్చిన చూపు మళ్ళీ పోగొట్టుకుంటావా తాతా?" అని అరిచింది.

నాకు రోషం వచ్చింది. "మీ ప్రభువు గుడ్డోడి కళ్ళకి బురదే పూసి చూపు తెప్పించాడంట గదా! నా కంట్లో కాస్త మిరప దుమ్ము పడితే కొంపలేం మునగవులే" అన్నాను.

"పూసి ఊరుకోలేదు, పోయి కడుక్కోమన్నాడు. ముందు లేచి చేతులు కడుక్కో!"

పుట్టి బుద్ధెరిగాక నా నోరు మూయించిన మనిషి లేదు. అయినా లేచాను. సబ్బుతో రుద్దుకుని వచ్చేసరికి ఆమె నా చోట కూర్చుని తాలు ఏరుతోంది! మంచి కాయల్ని కూడా తాలులో పారేస్తోంది. నేను దూరంగా మంచం మీద నుంచి తిడుతూ ఉంటే, తుమ్ముతూనే పొద్దుగూకేలోపు కుప్ప తేల్చేసింది. తేల్చి, ఆ చేతులతోనే కళ్ళు నులుముకుంది.

"పోయి కడుక్కోండి సిస్టరమ్మా, ప్రభువు చెప్పాడుగా!" అన్నాను.

రేపు చుక్కల మందు ఎవరు ఎవరికి వేయాలో మీరే చెప్పండి.